పిల్లలకు 1866 ఒడిశా కరువు గురించి ఎలా చెప్పాలి

పది లక్షల మంది పోయారని మొదలుపెట్టకండి, ఆ అంకె పిల్లల తలకెక్కదు. బరంపురంలో నా తెలుగు క్లాసులో ముగ్గురు పిల్లల్ని నిలబెట్టి ఒకరిని కూర్చోమంటాను. అప్పటి ఒడిశాలో దాదాపు ముగ్గురిలో ఒకరు పోయారు మరి.

కారణాల దగ్గర మాత్రం తొందరపడొద్దు. 1865లో వానలు ముందే ఆగిపోయి వరి ఎండింది. నిల్వలు సరిపోతాయని అధికారులు నమ్మారు. ఒడిశాను చూసే బ్రిటిష్ కమిషనర్ రావెన్‌షా తేరుకుని బియ్యం తెప్పించేసరికి మళ్లీ వానాకాలం వచ్చేసింది, ఓడల్లోని సరుకు ఒడ్డుకు చేర్చడమే గగనమైంది. ఎవరైనా "వాన లేకే కదా చచ్చిపోయారు" అంటే ఊరుకోకండి, సమయానికి అందని బియ్యం గురించి మళ్లీ చెప్పండి.

బరంపురం ఉన్న మన గంజాం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మ్యాపులో చూపించండి, ఇక్కడా కరువు తగిలింది. ఎముకలగూళ్ల బొమ్మలు మాత్రం చిన్న క్లాసులకు వద్దు.