బెర్లిన్‌లో తిరగడం: టికెట్టు, రైలు, టాక్సీ

హైదరాబాద్ మెట్రోలో కార్డు తాకిస్తేనే గేటు తెరుచుకుంటుంది. బెర్లిన్ స్టేషన్లలో గేట్లే లేవు. నేరుగా వెళ్లి రైలెక్కవచ్చు, అడిగేవాళ్లు కనిపించరు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. తనిఖీవాళ్లు చాలాసార్లు మామూలు దుస్తుల్లోనే వస్తారు. సరైన టికెట్టు లేకపోతే 60 యూరోల జరిమానా. తెలియదంటే వినరు. పదేపదే దొరికితే అది క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ దారికి అసలు వెళ్లకండి.

నగరాన్ని ఏ, బీ, సీ అని మూడు జోన్లు చేశారు. ఊరంతా దాదాపు ఏబీలోనే ఉంటుంది. విమానాశ్రయం మాత్రం సీలో ఉంది. అందుకే దిగిన రోజు ఏబీసీ టికెట్టే కొనాలి. స్టేషన్ టెర్మినల్ 1 కిందే ఉంటుంది. అక్కడినుంచి ఎఫ్‌ఈఎక్స్ అనే ఎక్స్‌ప్రెస్‌లో సెంట్రల్ స్టేషన్‌కు త్వరగా చేరుకోవచ్చు. దానికి అదనపు చార్జీ లేదు, ఏబీసీ టికెట్టే చెల్లుతుంది. తర్వాత ఎప్పుడైనా ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తే, చేతిలో ఏబీ పాస్ ఉన్నా సీ జోన్‌కు అదనపు టికెట్టు కొనాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

మెషీన్‌లో కొన్న కాగితం టికెట్టు మీద తేదీ, సమయం లేకపోతే, ప్లాట్‌ఫామ్ మీదున్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేనిది టికెట్టు కాదు. ఏబీ సింగిల్ టికెట్టు రెండు గంటలు పనిచేస్తుంది. రైలు, ట్రామ్, బస్సు ఎన్ని మారినా ఫర్వాలేదు కానీ ముందుకే వెళ్లాలి, వచ్చిన దారిన తిరిగి రాకూడదు. దగ్గరికైతే షార్ట్ టికెట్టు చాలు: ఎస్-బాన్ (నగర లోకల్ రైలు), యూ-బాన్ (మెట్రో)లలో మూడు స్టాపులు, బస్సు, ట్రామ్‌లలో ఆరు. బస్సు, ట్రామ్‌లలో మధ్యలో మారడం కుదరదు. బస్సుల్లో నగదు తీసుకోరు. యాప్‌లో కొనేవాళ్లు ఎక్కకముందే కొనండి. తనిఖీవాళ్లను చూశాక నొక్కితే లాభం లేదు.

నెలంతా ఉండేవాళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్టు అనే నెలవారీ పాస్ మేలు. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లలో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణ రైళ్లలో చెల్లదు. ఇది చందా పద్ధతి. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, లేదంటే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. పాస్‌పోర్టు లాంటి ఫొటో గుర్తింపు వెంట ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్టు లేనట్టే లెక్క. అయితే మీ పేరు మీదున్న పాస్‌ను వారంలోగా ఆఫీసులో చూపిస్తే జరిమానా 7 యూరోలకు తగ్గుతుంది. తనిఖీవాళ్లు ఇచ్చిన జరిమానా కాగితం పారేయకండి. విద్యార్థులు ముందు కాలేజీని అడగండి, కొన్నిచోట్ల సెమిస్టర్ ఫీజులోనే పాస్ కలిసి ఉంటుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి.

దిక్కు తెలుసుకోవాలంటే బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూడాలి. నగరం చుట్టూ తిరిగే రింగ్ రైలుకు చివరి స్టేషనే లేదు కనుక ఎస్41 గడియారం తిరిగే వైపు, ఎస్42 దానికి ఎదురుగా అని గుర్తుంచుకోండి. చుట్టంతా సుమారు గంట. వారాంతాల్లో పట్టాల పనులు ఎక్కువ. రైలు లేనిచోట ఎస్‌ఈవీ అని రాసిన బస్సు నడుస్తుంది, అదే టికెట్టు సరిపోతుంది. అది స్టేషన్ బయట వీధిలో ఆగుతుంది కాబట్టి పది నిమిషాలు ముందు బయలుదేరండి. శుక్ర, శని రాత్రుళ్లు యూ-బాన్ తెల్లవార్లూ నడుస్తుంది. మిగతా రోజుల్లో రాత్రి సుమారు ఒంటిగంట దాటాక ఎన్ అక్షరంతో మొదలయ్యే నైట్ బస్సులు, కొన్ని ట్రామ్‌లే దిక్కు.

టాక్సీలు లేత పసుపు రంగులో, పైన బోర్డుతో ఉంటాయి. రోడ్డు మీద ఆపి ఎక్కితే మీటరు మీదే నడుస్తాయి. రెండు కిలోమీటర్లలోపు వెళ్లాలంటే చవక రేటు ఒకటుంది. అయితే రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన టాక్సీకే అది వర్తిస్తుంది, స్టాండులో ఎక్కినా ఫోన్ చేసి పిలిచినా వర్తించదు. బండి కదలకముందే ‘కుర్జ్‌ష్ట్రెకె, బిట్టె’ (దగ్గరి దూరం, దయచేసి) అనాలి. దిగేటప్పుడు ‘క్విట్టుంగ్’ అడిగి రసీదు తీసుకోండి. సామాను మరిచిపోతే ఆ బండిని వెతకడానికి ఆధారం అదే.