షేర్డ్ స్ట్రీట్ సిమ్యులేషన్‌లో కారు పక్కకు జారుతుంటే

లండన్ ఎగ్జిబిషన్ రోడ్‌లో ఫుట్‌పాత్ గట్టు లేదు. మనుషులూ కార్లూ ఒకే నేల మీద. అలాంటి వీధిని కంప్యూటర్‌లో సోషల్ ఫోర్స్ మోడల్‌తో (గమ్యం లాగుతుంది, అడ్డొచ్చినవి నెడతాయి అని కదలికను బలాలుగా లెక్కించే పద్ధతి) నడిపితే కారు పీతలా పక్కకు జరిగింది. కారుకు ఎదురైన మనిషి ముందుకూ వెనక్కూ వణుకుతూ నిలబడిపోయాడు.

1995లో పరిశోధకులు హెల్బింగ్, మోల్నార్ ఈ మోడల్‌ను పాదచారుల కోసమే రాశారు. అందులో మనిషి ఎటైనా కదలగల చుక్క. కారు అలా కదల్లేదు. అందుకే బలంలో ముందువైపు భాగాన్ని యాక్సిలరేటర్, బ్రేకులకూ, అడ్డంగా పడే భాగాన్ని స్టీరింగ్ కోణానికీ ఇచ్చాను. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.7 మీటర్లు, స్టీరింగ్ కోణానికి హద్దు 30 డిగ్రీలు. కారు ఆకారం దీర్ఘవృత్తం. 4.5 మీటర్ల కారును వృత్తంగా పెడితే, పక్కన నడిచేవాళ్లు ఊరికే మీటరుకు పైగా తప్పుకుంటారు.

వణుకుకు మూలం టైమ్ స్టెప్, అంటే ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య సమయం. 0.5 సెకన్లు పెట్టాను. సెకనుకు 1.34 మీటర్లు నడిచే మనిషి అంతలో 0.67 మీటర్లు దూకుతాడు. దూరంగా నెట్టే వికర్షణ బలం పరిధేమో 0.3 మీటర్లే, ఒక్క దూకులో దాన్ని దాటేస్తాడు. 0.05 సెకన్లకు తగ్గిస్తే వణుకు పోయింది.

ప్రతిష్టంభన, అంటే కారూ మనిషీ ఎదురెదురుగా ఆగిపోవడం, మాత్రం మిగిలింది. అది బలాలతో తీరదు. ఢీకొనేందుకు 3 సెకన్లలోపు ఉంటే ఎవరు ముందో ఒక్కసారే తేల్చి, ఆ జంట విడిపోయేదాకా మార్చకండి. ప్రతి స్టెప్‌లో మళ్లీ తేలిస్తే ఇద్దరూ దారిస్తారు, ఇద్దరూ ఆగుతారు.