మ్యూస్కడే వైన్: ఏ సీసా కొనాలి, ఎంత చల్లబరచాలి, దేనితో తాగాలి

ఫ్రాన్స్‌లో లువార్ నది అట్లాంటిక్‌లో కలిసే వైపు, నాంత్ నగరం చుట్టుపక్కల తయారయ్యే తెల్ల వైన్ ఇది. తీపి ఉండదు, పులుపు పదునుగా ఉంటుంది, ఆల్కహాల్ 12 శాతానికి అటూఇటూ. పేరు చూసి మస్కట్ అనే ద్రాక్షతో చేసిన వైన్ అనుకుని కొంటే పూల వాసన, తీపి దొరకవు. దీని ద్రాక్ష వేరు: తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వచ్చిన మెలోన్ రకం. 1709 నాటి చలికి నాంత్ తోటలు నాశనమయ్యాక, మంచుకు తట్టుకుంటుందని దీన్నే విరివిగా నాటారు.

సీసా మీద ‘సెవ్ర్ ఎ మెన్’ అన్న ప్రాంతం పేరు, ‘స్యూర్ లీ’ అన్న మాట ఉన్నాయో లేదో చూడండి. రెండోదే ముఖ్యం. పులిసిన తర్వాత అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ని చలికాలమంతా ఉంచారని దానర్థం. కోత మరుసటి ఏడాది మార్చి 1కి ముందు సీసాల్లో నింపకూడదు. మెలోన్‌కు సొంత వాసన తక్కువ, ఆ మడ్డే దానికి కాస్త నిండుదనం ఇస్తుంది. నాలుక మీద సన్నగా చురుక్కుమంటే కంగారుపడకండి, అది మిగిలిన కార్బన్ డయాక్సైడ్. సీసా అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే గాజు ముక్కలు కావు, చలికి పేరుకున్న టార్టరేట్, అంటే వైన్‌లోని ఆమ్లపు లవణం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా చెడిందని అర్థం, సీసా తిరిగి ఇచ్చేయండి.

మామూలు సీసాని రెండు మూడేళ్లలో తాగేయడం మేలు. క్లిసోన్ (గ్రానైట్ నేల), గోర్జ్ (గాబ్రో రాతి నేల) అనే ఊళ్ల పేర్లతో వచ్చేవి వేరు. మడ్డి మీద ఇంకా చాలాకాలం ఉంచిన వైన్లవి, పదేళ్లయినా నిలుస్తాయి.

మామూలు సీసాకి 8–10 డిగ్రీలు సరిపోతుంది, క్లిసోన్ లాంటివాటికి 11–12. గది వేడిలో ఉన్న సీసాని మంచుముక్కలు, నీళ్లు, గుప్పెడు ఉప్పు కలిపిన బకెట్లో 20 నిమిషాలు ముంచితే చాలు. ఉత్త మంచుముక్కల్లో పెడితే గాజుకు పూర్తిగా తగలక ఆలస్యమవుతుంది. మరీ చల్లబరిస్తే ఉన్న కాస్త వాసనా పోయి, పులుపొక్కటే మిగులుతుంది.

తోడు తినడానికి సముద్రపు తిండిని మించింది లేదు. పచ్చి ఆయిస్టర్ల మీద నిమ్మరసం రెండు చుక్కలకు మించి పిండకండి, పులుపు పెరిగితే వైన్ నీళ్లలా తోస్తుంది.

అక్కడి వాళ్లు ఇష్టపడే మసెల్స్ (నల్లటి జంట చిప్పల సముద్ర జీవులు) ఇంట్లోనూ సులువే. ఇద్దరికి కిలో. చన్నీళ్లలో రుద్ది కడిగి, నోటి దగ్గర వేలాడే పీచు లాగేయండి. పగిలినవి, తట్టినా మూసుకోనివి పారేయండి. వెడల్పాటి గిన్నెలో 30 గ్రాముల వెన్న కరిగించి, సన్నగా తరిగిన రెండు చిన్న ఉల్లిపాయలు రంగు మారకుండా మగ్గనివ్వండి. 150 మిల్లీలీటర్ల మ్యూస్కడే పోసి మరిగించి, మసెల్స్ వేసి మూతపెట్టి, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు, మధ్యలో ఒకసారి గిన్నె ఊపుతూ. చిప్పలు విచ్చుకోగానే దించండి, ఇంకో రెండు నిమిషాలుంటే రబ్బరు నములుతున్నట్టే. తెరుచుకోనివి తినొద్దు. ఉప్పు వేయకండి, లోపలున్న సముద్రపు నీరే చాలు.

మన వంటల్లో పసుపు, మిరియాలు, వెల్లుల్లితో వేయించిన చందువాకు ఇది బాగా కుదురుతుంది. చేపల పులుసుకు కుదరదు: చింతపండు వైన్ పులుపుని మింగేస్తుంది, ఎర్ర కారం మీద ఆల్కహాల్ మరింత మంటగా తగులుతుంది.

మిగిలిన వైన్‌కి బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత అది వంటకే.