కారుతున్న స్టీరింగ్ ర్యాక్‌ని ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని అటూ ఇటూ నెట్టేది స్టీరింగ్ ర్యాక్, పవర్ స్టీరింగ్‌లో అది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ట్రక్కు ముందుభాగం కింద ఆయిల్ మరక కనబడగానే ర్యాక్ పోయిందని తేల్చేయకండి. చాలాసార్లు కారేది పైనున్న ప్రెషర్ పైపు జాయింటో, పంపో అయి ఉంటుంది, అక్కణ్ణుంచి జారి ర్యాక్ మీద పడి చివర బొట్లు కడుతుంది. కాబట్టి ముందు డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) అంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, ఎవరినైనా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని చెప్పి టార్చి వేసి చూడండి. తర్వాత ర్యాక్ రెండు చివర్లా ఉండే రబ్బరు బూట్ల క్లిప్పు వదులు చేసి కాస్త వెనక్కి లాగండి. లోపల గ్రీజు తప్ప తడి ఉండకూడదు. ఆయిల్ బొళుక్కున కారిందంటే లోపలి సీల్ పోయినట్టే, ఇక అనుమానం అక్కర్లేదు.

లీకు ఆపే మందులని డబ్బాల్లో అమ్ముతారు. అవి రబ్బరుని ఉబ్బేలా చేసి కొన్నాళ్లు ఆపుతాయేమో గానీ, అరిగిన సీల్‌ని బాగు చెయ్యవు. సీల్ కిట్ తెచ్చి ర్యాక్ విప్పడం కూడా ఇంట్లో పెట్టుకునే పని కాదని నా అభిప్రాయం, లోపలి రాడ్ మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త సీల్‌నీ అవి కోసేస్తాయి. ఇన్నర్ టై రాడ్లతో (ర్యాక్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీలు) సహా పూర్తి ర్యాక్ తెచ్చుకోండి.

చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టండి. చక్రాల నట్లు బండి నేల మీదుండగానే కొంచెం వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తి, చాసిస్ కింద స్టాండ్లు వెయ్యండి. ఒట్టి జాకీ మీదున్న బండి కిందకి తల కూడా పెట్టొద్దు.

ఇప్పుడు అందరూ మర్చిపోయే పని. చక్రాలు తిన్నగా పెట్టి, తాళం తీసేసి, స్టీరింగ్ వీల్ కదలకుండా సీటు బెల్టుతో కట్టేయండి. వీల్ వెనకాల క్లాక్ స్ప్రింగ్ అని ఒక పల్చటి రిబ్బన్ కేబుల్ చుట్టగా ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంటు దాని గుండానే వెళ్తుంది. ర్యాక్ నుంచి స్టీరింగ్ షాఫ్ట్ (వీల్ నుంచి ర్యాక్‌కి వచ్చే ఇరుసు) ఊడదీశాక వీల్‌కి ఆపేదేమీ ఉండదు, ఎవరో చెయ్యివేసి నాలుగు చుట్లు తిప్పితే ఆ రిబ్బన్ పుటుక్కుమంటుంది.

ముందు చక్రాలు ఊడదీసి, టై రాడ్ చివరలు తీసేముందు కొలత తీసుకోండి. మరల చుట్లు లెక్కపెట్టుకోమని చాలామంది చెబుతారు, కానీ కొత్త ర్యాక్‌లో రాడ్ పొడవు కాస్త తేడా ఉంటే ఆ లెక్క పనికిరాదు. ర్యాక్ మధ్యలో ఉండగా ఒక బాల్ జాయింటు నడిమి నుంచి ర్యాక్ బిగించే బోల్టు రంధ్రం నడిమి దాకా, రెండు వైపులా కొలిచి రాసుకోవడమే నయం. తర్వాత లాక్ నట్టు వదులు చేసి, స్ప్లిట్ పిన్ లాగేసి, పెద్ద నట్టుని పూర్తిగా తియ్యకుండా రెండు మూడు మరల మీద వదిలేయండి. బరువైన సుత్తితో నకిల్ (చక్రం బిగించి ఉండే ఇనుప భాగం) కన్ను పక్కన గట్టిగా ఒకటి వేస్తే జాయింటు టక్కుమని వదులుతుంది. మరల మీద మాత్రం కొట్టొద్దు.

పైపులే అసలు తలనొప్పి. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచి, మామూలు స్పానర్ కాకుండా ఫ్లేర్ నట్ స్పానర్ (నట్టుని దాదాపు చుట్టూ పట్టేది) వాడండి, లేదంటే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. రిజర్వాయర్‌లో ఆయిల్ ముందే తోడేసినా పైపుల్లో మిగిలింది మొహం మీద పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. ఊడదీసిన పైపుల మూతులు మూసేయండి. షాఫ్ట్ జాయింటు మీద పెయింటుతో గీత పెట్టి, బోల్టు పూర్తిగా తీసేయండి, అది షాఫ్ట్ గాడిలోంచి వెళ్తుంది కాబట్టి వదులు చేస్తే సరిపోదు. ఇక ర్యాక్ బోల్టులు తీసి, బరువు పట్టడానికి ఇంకో మనిషిని పిలిచి చక్రం పక్కనుంచి లాగండి. ఏదైనా అడ్డం వస్తే బలవంతం వద్దు, స్టెబిలైజర్ బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) బిగింపులు విప్పితే చాలా బండ్లలో చోటు దొరుకుతుంది.

కొత్త ర్యాక్‌ని ఎక్కించే ముందు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టి, సగం వెనక్కి తిప్పండి. మూడు చుట్లు వస్తే ఒకటిన్నర. అదే నడిమి. అన్ని బోల్టులూ ముందు చేత్తో పట్టించి, పైపులు కూడా కొత్త ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు సీళ్లు) వేసి వేళ్లతోనే మొదలుపెట్టి, అవి వంకరగా ఎక్కలేదని చూసుకున్నాకే మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలం) బిగించండి. స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు.

పాత ఆయిల్ నల్లగా ఉంటే రిటర్న్ పైపు డబ్బాలోకి పెట్టి కొత్తది పోస్తూ కడిగేయండి, అందులో మిగిలిన ఇనుప రజను కొత్త సీళ్లనీ తినేస్తుంది. ఏ ఆయిల్ అనేది మూత మీదో మాన్యువల్లోనో ఉంటుంది, కొన్ని బండ్లకి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఆయిల్), కొన్నింటికి వేరే రకం, ఊహించి పొయ్యొద్దు. ఆయిల్‌లో చిక్కుకున్న గాలి తియ్యడానికి, ముందు చక్రాలు గాల్లోనే ఉంచి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా ఓ ఇరవైసార్లు తిప్పుతూ లెవెల్ తగ్గితే పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చెయ్యండి. నురగ వచ్చినా పంపు మూలిగినా ఆపి కాసేపు వదిలెయ్యండి. కొసకి తిప్పి అలాగే పట్టుకోవద్దు, ప్రెషర్ మొత్తం పంపు మీద పడి వేడెక్కుతుంది.

మీ కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా వీల్ అలైన్‌మెంట్ తప్పదు, అక్కడిదాకా నెమ్మదిగా వెళ్లండి. స్టీరింగ్ వీల్ కొంచెం వంకరగా ఉందని దాన్ని ఊడదీసి తిప్పి పెట్టుకోకండి, టై రాడ్లతోనే సరిచేయించాలి. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండైతే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ కూడా రీసెట్ చెయ్యాల్సి రావచ్చు. రెండు మూడు రోజులు తిరిగాక పైపు జాయింట్ల మీద తెల్ల కాగితం ఒత్తి చూడండి, తడి తగిలితే అక్కడ ఓ-రింగ్ సరిగ్గా కూర్చోలేదు. తీసిన పాత ఆయిల్‌ని మాత్రం కాలువలో పొయ్యకుండా డబ్బాలో మూతపెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.