లంక ఊరి బడిని విలీనం చేస్తామన్నప్పుడు అర్జీ రాసుకునే పద్ధతి

మీ ఊరి ప్రాథమిక పాఠశాలను పక్క ఊరి బడిలో కలపబోతున్నారని తెలియగానే ముందు చేయవలసిన పని దారిని కొలవడం. విద్యాహక్కు చట్టం కింద మన ఆంధ్రప్రదేశ్ చేసుకున్న నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు లోపు బడి ఉండాలి. గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊళ్లలో ఆ కిలోమీటరును మ్యాపు చూసి తేల్చడం కుదరదు.

ఉదయం బడివేళకు ఒకటో తరగతి పిల్లవాడిని వెంటబెట్టుకుని, పుస్తకాల సంచి వాడి భుజానే ఉంచి, ఇంటి గుమ్మం నుంచి కొత్త బడి గేటు దాకా నడవండి. పట్టిన నిమిషాలు, గట్టు మీద లారీలు తిరిగే చోటు, పిట్టగోడ లేని వంతెన, రేవులో పడవ కోసం నిలబడిన సమయం అన్నీ అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాయండి. నేను ఒక లంకలో ఇలా నడిచినప్పుడు నాతో వచ్చిన రెండో తరగతి పాప చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగి రేవు చేరింది; మ్యాపులో మాత్రం ఆ రెండు బళ్లూ పాయకు అటూ ఇటూ పక్కపక్కనే ఉన్నాయి.

వరద రోజులను విడిగా లెక్కగట్టాలి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. గడిచిన మూడేళ్లలో మీ కాజ్‌వే (పాయ దాటే తక్కువ ఎత్తు దారి) ఏయే తేదీల్లో మునిగిందో హాజరుపట్టీతో సరిచూసి అర్జీకి జతచేయండి. అధికారులు తోసిపుచ్చలేని ఆధారం ఇదేనని నా నమ్మకం.

పిల్లలు తక్కువన్న మాటకు జవాబుగా బడిలో ఉన్నవారి పేర్లతో పాటు, వచ్చే ఏడాది అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి రావలసినవారి పేర్లూ ఇవ్వండి. చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి కాబట్టి, ఏకోపాధ్యాయ పాఠశాల అయితే ఆ రెండో పోస్టునే అడగండి. అయితే ఐదు తరగతులకూ కలిపి నలుగురైదుగురు పిల్లలే మిగిలి, పక్క బడికి మంచి రోడ్డు ఉంటే, విలీనాన్ని ఒప్పుకుని రవాణా సదుపాయం కోసం పట్టుబట్టడమే పిల్లలకు మేలు.

విలీనానికి జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చేసిందని వెనకడుగు వేయనక్కరలేదు. 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 2022 నాటి జీవో 117ను 2025లో వెనక్కి తీసుకున్నారు.

తీర్మానాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని చట్టం చెబుతోంది. పిల్లలను రేవు దాకా దిగబెట్టే తల్లుల మాట తీర్మానంలోకి రావాలి. ప్రతులను మండల విద్యాధికారికి (ఎంఈవో), జిల్లా విద్యాధికారికి (డీఈవో) ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అందజేసి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దూరం కొలిచిన నివేదిక కోరండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ కొలతను ఏ చోటు నుంచి ఏ చోటుకు, ఏ నెలలో తీసుకున్నారో కూడా అదే దరఖాస్తులో అడగండి.