ఈమెయిల్ ఐడీ అడిగేటప్పుడు కారణం చెప్పి అడగండి

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో స్టాల్ పెడుతూ, మిగతా రోజుల్లో ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు, పొడులు అమ్మే మనవాళ్ళకు ఒక మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది ఫాలో అయినా, మీ పోస్టు ఎవరికి కనబడాలో తేల్చేది ఆ కంపెనీయే. ఈమెయిల్ లిస్టు మాత్రం మీ చేతిలో ఉంటుంది.

"మా అప్‌డేట్స్ కోసం చేరండి" అంటే ఎవరూ చేరరు. "కొత్తావకాయ కలిపిన రోజే మీకు మెయిల్ వస్తుందండీ, మిగతావాళ్ళకు రెండు రోజుల తర్వాతే" అని చెప్పి చూడండి, ఫోన్ బయటికి తీస్తారు. చెప్పాక ఆ మాట తప్పకూడదు. సీసా మూతమీద, స్కాన్ చేస్తే ఐడీ నింపే ఫారం తెరుచుకునే క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించండి. పచ్చడి నచ్చినవాళ్ళకు మీరు గుర్తొచ్చేది మళ్ళీ ఆ మూత తీసినప్పుడే కదా! నోటుబుక్కులో రాయించుకోవద్దు, ఒక్క అక్షరం తేడా వచ్చినా మెయిల్ వెనక్కొస్తుంది. వాళ్ళ ఫోన్‌లో వాళ్ళనే టైప్ చేయనివ్వండి. ఆ ఐడీ వాళ్ళదేనని తేల్చుకోవడానికి ఒక నిర్ధారణ మెయిల్ పంపి, అందులోని లింకు వాళ్ళు నొక్కాకే లిస్టులో చేర్చండి.

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోంచి ఐడీలు ఎత్తుకొచ్చి కలపడం అస్సలు వద్దు. అడక్కుండా వచ్చిన మెయిల్‌ని జనం స్పామ్‌లో పడేస్తారు. ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ 2024 నుంచి గట్టిగా చెబుతోంది. అంటే వెయ్యి మెయిళ్ళకు మూడు! అది దాటితే కోరి చేరినవాళ్ళ ఇన్‌బాక్స్‌లో పడడమూ కష్టమే. వద్దనుకున్నవాళ్ళు ఒక్క నొక్కుతో తప్పుకునే లింకు ప్రతి మెయిల్‌లోనూ ఉంచండి.