ఫోన్ బ్యాటరీ పాఠాలు – 3: ఏ యాప్‌ను ఆపాలి, ఏది వదిలేయాలి

పోయిన పాఠం చదివాక చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ వాడకం లిస్టులో కనిపించిన ప్రతి యాప్‌నూ రిస్ట్రిక్టెడ్‌లో, అంటే తెర వెనక పనిచేయనివ్వని సెట్టింగ్‌లో పెట్టేశారు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే ఒక రైతు వాట్సాప్‌నూ వదల్లేదు. పొద్దున్నే వచ్చిన రేటు మెసేజ్ ఆయన కంట పడేసరికి మధ్యాహ్నమైంది. కాబట్టి కొత్త పాఠానికి ముందు దీన్ని సరిచేద్దాం.

వాట్సాప్, బ్యాంకు, యూపీఐ, అలారం యాప్‌లను వెంటనే ఆప్టిమైజ్డ్‌కి, అంటే అవసరాన్ని బట్టి ఫోనే సర్దుకునే సెట్టింగ్‌కి మార్చండి. కొన్ని ఫోన్లలో ఈ పేర్లు కాస్త వేరుగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ నొక్కి పూర్తిగా ఆపేసిన యాప్ అయితే మళ్లీ మీరు తెరిచేదాకా నోటిఫికేషనే ఇవ్వదు. నేను పాటించే లెక్క ఒక్కటే: దీని నోటిఫికేషన్ రేపు వస్తే నాకేమైనా నష్టమా? నష్టం లేకపోతేనే రిస్ట్రిక్టెడ్. షాపింగ్ యాప్‌లు, గేములు అన్నీ అందులోకే పోతాయి.

లిస్టులో పైనున్నదే బ్యాటరీ దొంగ అనుకోవద్దు. రెండు గంటలు యూట్యూబ్ చూస్తే అది పైనే ఉంటుంది, తప్పేం లేదు. పేరు మీద నొక్కి లోపల చూడండి. స్క్రీన్ మీద ఐదు నిమిషాలు, బ్యాక్‌గ్రౌండ్‌లో నాలుగు గంటలు అని ఉంటే, అది పాటల యాప్ కూడా కాకపోతే, మనకు కావలసింది అదే. ముందు దాని లొకేషన్ పర్మిషన్ చూడండి. 'ఎప్పుడూ' అని ఉంటే 'వాడుతున్నప్పుడు మాత్రమే'కి మార్చండి.

ఇక ఎంత చెప్పినా జనం మానని అలవాటు: రీసెంట్ యాప్‌లను గంటకోసారి పైకి తోసేయడం. దయచేసి మానండి. అక్కడ కనిపించే కార్డులన్నీ నడుస్తున్న యాప్‌లు కావు, చాలావరకు మెమరీలో నిద్రపోతున్నవే. ఆ మెమరీ (ర్యామ్) నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దానికి పట్టే కరెంటు దాదాపు ఒక్కటే. తోసేసిన యాప్‌ను మళ్లీ తెరిస్తే ప్రాసెసర్ దాన్ని స్టోరేజీ నుంచి మొదలంటా లోడ్ చేయాలి. ఖర్చు అక్కడుంది. రోజుకు ముప్పైసార్లు తెరిచే వాట్సాప్‌ను ముప్పైసార్లు తోసేస్తే ఆ ఖర్చు ముప్పైసార్లూ మీదే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే, ఫోన్ కదలకుండా పక్కన పడి ఉంటే యాప్‌లను నిద్రపుచ్చే ఏర్పాటు ఉంది. యాప్ బిగుసుకుపోతే తోసేయండి, అంతే. మెమరీ క్లీనర్ యాప్‌లు చేసేదీ ఈ పనే, పైగా అవీ బ్యాటరీ తింటాయి. ఉంటే ఈ రోజే తీసేయండి.

సిగ్నల్ సంగతి క్లుప్తంగా. విజయవాడ బీసెంట్ రోడ్డులో సెల్లార్ షాపులో కూర్చునేవాళ్ల ఫోన్ టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది. అక్కడ వైఫై, వైఫై కాలింగ్ (టవర్ బదులు వైఫై మీద కాల్స్ నడిపే సెట్టింగ్) ఆన్ చేసుకోండి. 5జీ ఒక గీతే వస్తుంటే 4జీకి మార్చండి.

ఈసారి అభ్యాసానికి ఓపిక కావాలి. మూడు రాత్రులు, ఫోన్ ఒకే చోట, చార్జర్ లేకుండా. పడుకునేముందు, లేచాక శాతం రాసుకోండి. మొదటి రాత్రి మామూలుగా, రెండో రాత్రి మొబైల్ డేటా, వైఫై ఆపి, మూడో రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. ఆ మూడో రాత్రి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, కాల్స్ రావు. రెండో రాత్రికే తరుగుదల బాగా తగ్గితే నెట్ వాడుకునే యాప్‌ల పని. మూడో రాత్రికి తగ్గితే సిగ్నల్. మూడు రాత్రులూ ఒకేలా ఎక్కువగా పడిపోతే బ్యాటరీ పాతబడి ఉండొచ్చు, లేదా నెట్ లేకపోయినా ఏదో యాప్ ఫోన్‌ను నిద్రపోనివ్వడం లేదు. ఆ రెండింటినీ విడదీయడం నాలుగో పాఠంలో. మీ అంకెలు దగ్గర పెట్టుకుని రండి.